గోడకెక్కిన సాంసన్

సూర్యాపేట,
9 ఫిబ్రవరి 2025

అక్కా,

నీకూ డేవిడ్ బావకూ వందనాలు. మన ఒప్పందం ప్రకారం ఈ ఉత్తరం రాస్తున్నాను. ఫోన్లో అయితే కుశలప్రశ్నలు పూర్తికాకముందే మనిద్దరికీ కొట్లాట మొదలవుతుంది. "రాసి పంపు, అది మిర్యాలగూడ చేరేలోపు నీ కోపం చల్లారుతది, నేను విప్పేలోపు నాది చల్లారుతది" అని నువ్వే అన్నావు. తెలుగు పంతులమ్మవు, నీ మాట కాదనలేక పోస్టాఫీసుకు పోయి కవర్లు కొన్నాను. కౌంటర్లో ఉన్నాయన "పరీక్ష ఫీజు కట్టనీకెనా?" అని అడిగాడు. ఈ వయసులో, ఈ బట్టతలతో నన్ను విద్యార్థి అనుకున్న మొదటి మనిషి ఆయనే.

ఆడిషన్ సంగతి అడిగావు. కానిస్టేబుల్ వేషం. పొద్దున బస్సెక్కి హైదరాబాదు పోయేసరికి హాలు నిండా కానిస్టేబుళ్ళే, అందరం మీసాలు దువ్వుకుంటూ కూర్చున్నాం. లోపలికి పిలిచి పేరు చెప్పమన్నారు, ఎడమకు తిరగమన్నారు, కుడికి తిరగమన్నారు, చేతులు చూపించమన్నారు. చేతులెందుకో ఇన్నేళ్ళయినా నాకు తెలియదు. సాంసన్ అనగానే కెమెరా పక్కనున్న అమ్మాయి తలెత్తి చూసింది. నాన్న బైబిల్లోని బలశాలి పేరు పెట్టాడు కదా. నా చేతులు చూసి ఆ అమ్మాయి మళ్ళీ తల దించుకుంది.

చెప్పాల్సిన మాట ఒక్కటే. "సార్, బాడీ దొరికింది." నేను దాన్ని ముందు భయంగా చెప్పాను, తర్వాత బాధగా చెప్పాను. కోపంగా చెప్పబోతుంటే "చాలు" అన్నారు. "మీరు చెప్తుంటే ఆ బాడీ మీ చుట్టమేమో అనిపిస్తోందండీ" అన్నాడు ఆడిషన్ చేయించే ఆయన. నేను దాన్ని పొగడ్త అనుకుని సగం దారిదాకా సంతోషంగానే వచ్చాను. చౌటుప్పల్ దగ్గర బస్సు ఆగినప్పుడు టీ తాగుతుంటే అసలు అర్థం తెలిసింది.

ఈ "చాలు" అనే మాట లేకపోతే నేనెప్పుడో పైకొచ్చేవాణ్ణి. ఏ ఆడిషన్లోనూ నన్ను చివరిదాకా చెప్పనివ్వలేదు.

సూర్యాపేటలో నా గొంతు తెలియని వీధి లేదు. చీరల ఎగ్జిబిషనైనా, పళ్ళ డాక్టరు క్యాంపైనా ఆటో మైకులో మోగేది నేనే. అక్కడ మొహం ఉండదు. సినిమాల్లో జనంలో నిలబెడతారు, అక్కడ గొంతు ఉండదు. రెండూ ఒకచోట కలిసే వేషం కోసమే ఈ తిరుగుడంతా.

నీ వీధి చివర స్కూలు సంగతి మర్చిపోలేదు. జూన్‌లో బడి తెరిచేలోపు నోరు తెరిచి మాట్లాడే వేషం ఒక్కటి రాకపోతే, వచ్చి ఆ పిల్లలకు నాటకాలు నేర్పుకుంటాను. మళ్ళీ ఆడిషన్ ఊసెత్తను. పందెమనుకో, ఒట్టు మాత్రం వెయ్యను. మనింట్లో ఒట్లూ మొక్కులూ పెద్దమ్మ చూసుకుంటుంది.

ఎడమకూ కుడికీ తిరిగి ఇంటికొచ్చిన నీ తమ్ముడు,
సాంసన్

మిర్యాలగూడ,
17 ఫిబ్రవరి 2025

తమ్మీ,

నీ ఉత్తరం అందింది. అక్షరదోషాలు దిద్దాను, ఈసారి వచ్చినప్పుడు చూపిస్తాను.

నీ మాట పట్టుకుని స్కూలు కరస్పాండెంట్ గారికి చెప్పి ఉంచాను. "జూన్ దాకా ఆగుతా మేడం, గని మీ తమ్ముడు నిజంగ వస్తడా?" అని అడిగాడు. వస్తాడన్నాను. నువ్వు రావాలని నాకు ఆశ ఉంది, దాచుకోను. నీ నటన మీద నమ్మకం లేక కాదు. చిన్నప్పుడు క్రిస్మస్ నాటకంలో నువ్వు గొర్రె వేషం వేస్తే గొర్రెలకాపరిని వదిలేసి జనమంతా నిన్నే చూశారు. కానీ ప్రతిసారీ నువ్వు బస్సు దిగి, మొహానికి నవ్వు పులుముకుని, "ఈసారి దగ్గరదాకా వచ్చింది అక్కా" అంటావు చూడు, ఆ నవ్వు చూడటం నాకు కష్టం. ఆ ఒక్క చోట మాత్రం నీకు నటన రాదు.

పెద్దమ్మ దగ్గరికి అనంతగిరి పోయొచ్చాను. బావ ఆమెకు పెద్ద టీవీ కొనిచ్చాడు. కండ్లల్లో శుక్లాలు ముదిరాయి, ఆపరేషన్ అంటే వద్దంటుంది. "పెద్ద టీవీల పెద్దగ కనవడతరు, గింక ఆపరేషన్ ఎందుకు బిడ్డా" అంటుంది. ఆదివారం మనతో హల్లెలూయ అంటుంది, మంగళవారం మైసమ్మకు కోడిని మొక్కుతుంది. అమ్మ పోయాక మనిద్దర్నీ సాకింది ఆమె, ఏ దేవుడి దగ్గరికి పోయినా మన పేర్లే చెప్తుంది కాబట్టి పాస్టరుగారు కూడా ఏమీ అనరు.

నీ గురించే అడిగింది. "సాంసన్‌గాడు సినిమల ఎప్పుడు కనవడతడు? నేను సచ్చినంకనా?" అంది. జవాబు నువ్వే చెప్పుకో.

ఎర్రసిరా పెన్ను పట్టుకున్న నీ అక్క,
నవనీత

సూర్యాపేట,
6 మార్చి 2025

అక్కా,

కూర్చో. బావను కూడా కూర్చోమను. నీ తమ్ముడికి వేషం దొరికింది!

టీవీ సీరియల్. రోజూ సాయంత్రం వస్తుంది. కథానాయికకు తండ్రి వేషం. "మొదటి ఎపిసోడ్ నుంచి చివరిదాకా మీరు ఉంటారండీ, కథంతా మీ చుట్టే తిరుగుతుంది" అంది అసిస్టెంట్ డైరెక్టర్ లహరి. చిన్నపిల్లే గాని చాలా మర్యాదస్తురాలు, నన్ను ఏసీ గదిలో కూర్చోబెట్టి మాట్లాడింది.

ఆడిషన్ ఎలా అయిందో వింటే నవ్వుతావు. నేను బట్టీపట్టిన డైలాగులన్నీ వదిలేయమన్నారు. కోటు తొడిగించి, నెత్తిమీద ఉన్న నాలుగు వెంట్రుకల్నీ నలభైలాగా దువ్వించి, "ఏం మాట్లాడొద్దు, ప్రేమగా చూడండి" అన్నారు. నువ్వు గుర్తొచ్చావు, పెద్దమ్మ గుర్తొచ్చింది, అలా చూశాను. ఫోటోలు తీశారు. డైరెక్టర్ గారు వాటిని చూసి, "ఈయన మొహంలో ఎంత శాంతం ఉందండీ, చూస్తేనే కడుపు తరుక్కుపోతోంది" అన్నాడు. ఒక్క మాట కూడా పలక్కుండానే వేషం కొట్టానంటే, ఇక నోరు విప్పితే ఎలా ఉంటుందో ఆలోచించు. కంఠం బాగుండాలని వారం నుంచి మిరియాల పాలు తాగుతున్నాను. ఆటో మైకు పనికి కూడా సెలవు పెట్టాను.

ఈ నెల పదిహేడున, సోమవారం, మొదటి ఎపిసోడ్. పెద్దమ్మకు చెప్పు, నేను కనపడటానికి ఆమె చావాల్సిన పని లేదని.

శాంతమూర్తి అయిన నీ తమ్ముడు,
సాంసన్

మిర్యాలగూడ,
12 మార్చి 2025

నా బంగారు తమ్మీ,

నీ ఉత్తరం చదివి చాలాసేపు ఏడ్చాను. తప్పులు దిద్దబుద్ధి కాలేదు.

ఆదివారం చర్చిలో నీ పేరు చెప్పి కృతజ్ఞతా ప్రార్థన చేయించాను. బావ వేడివేడి మైసూర్ బోండాలు తెచ్చి తను పనిచేసే రైసుమిల్లులో అందరికీ పంచాడు. సోమవారం సాయంత్రం సంఘం వాళ్ళు సగంమంది మా ఇంట్లోనే టీవీ చూస్తారు. పాస్టరమ్మగారు ముందు వరుస ఇప్పుడే చెప్పి పెట్టుకున్నారు. పెద్దమ్మకు చెప్తే, "నా కొడుకు పెద్ద టీవీల సరిగ్గ పడతడా?" అని బెంగ పెట్టుకుంది.

ఇంకో మాట. కరస్పాండెంట్ గారి దగ్గరికి నేనే పోయి, "మా తమ్ముడు రాడు సార్, ఇంకెవరినైనా చూసుకోండి" అని చెప్పేశాను. చెప్తుంటే ఎంత గర్వంగా ఉందో. ఇక నీకు వెనక్కి చూసే పనిలేదు.

నోరు నిండా నీ పేరు చెప్పుకుంటున్న,
నవనీత

సూర్యాపేట,
13 మార్చి 2025

అక్కా,

ఫోన్లో చెప్పడానికి నోరు రాలేదు. ఈ ఉత్తరం అందేలోపు ఎవరికీ ఏమీ చెప్పకు. చెప్పి ఉంటే నేను చెప్పింది అబద్ధమని చెప్పు.

నిన్న షూటింగుకు పోయాను. పిలవకపోయినా పోయాను, కొత్త వేషం కదా అని. సెట్టు పెద్ద బంగళా. మేకప్ అబ్బాయిని అడిగితే నా పేరు లిస్టులో లేదన్నాడు. ఇదేదో పొరపాటని హాల్లోకి పోయి చూస్తే, నాకంటే ముందే నేను అక్కడికి చేరుకున్నాను. గోడమీద ఉన్నాను. మెడలో గులాబీల దండ, ముందు ఎర్రబల్బు, పక్కన అగరొత్తులు. కథానాయిక నావైపు చూస్తూ, "నాన్నా, నువ్వే ఉంటే నాకీ గతి పట్టేదా" అని ఏడుస్తోంది. బాగా ఏడ్చింది. చూస్తుంటే నాకే జాలేసింది.

అది అక్కా, నా వేషం. కథ మొదలయ్యేనాటికే నేను పోయాను. కథంతా నా చుట్టే తిరుగుతుంది, నేను మాత్రం కదలను. లహరి అబద్ధమేమీ చెప్పలేదు. ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికి ఎగిరిందన్నట్టు, తెరకెక్కకముందే నేను స్వర్గానికెక్కాను. అన్నం పెట్టారు. తిని వచ్చాను, అది కూడా చెప్పాలి కదా.

ఫోటో నోరు తెరవదని నాకు తెలుసు. పందెంలో ఇది లెక్కలోకి రాదు. స్కూలు సంగతి అలాగే ఉంచు. పెద్దమ్మకు మాత్రం ఎట్టి పరిస్థితుల్లో తెలియనివ్వకు.

స్వర్గస్థుడు,
సాంసన్

మిర్యాలగూడ,
19 మార్చి 2025

సాంసన్,

నీ ఉత్తరం మంగళవారం వచ్చింది. సీరియల్ సోమవారం వచ్చింది. మన పోస్టుమాన్‌కూ నీ డైరెక్టర్‌కూ ముందే ఒప్పందం ఉన్నట్టుంది.

ఇరవైమంది ముందు నేను, "ఇప్పుడొస్తాడు, ఇప్పుడొస్తాడు" అంటూ కూర్చున్నాను. దండతో నీ ఫోటో కనిపించింది. బావ దిగ్గున లేచి నిలబడ్డాడు. పాస్టరమ్మగారు కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. "ఇది వెనకటి కథ అయ్యుంటది, ఇంకాసేపటికి వస్తడు" అని ఎవరో అన్నారు. నువ్వు రాలేదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని పిల్లలకు చెప్పే సామెత నా నెత్తినే పడింది. నీకు ముందే తెలిసి నాతో వేళాకోళం ఆడావనుకుని ఆ సాయంత్రమంతా నిన్ను తిట్టుకున్నాను. తెల్లారి నీ ఉత్తరం చదివాక నన్ను నేను తిట్టుకున్నాను.

అంతకంటే పెద్ద భయం పెద్దమ్మది. పక్కింటి గోపమ్మకు ఫోన్ చేస్తే, "ఉప్పలమ్మ టీవీల సాంసన్ ఫోటకు దండ సూసింది, సప్పుడు సరిగ్గ ఇనవడలే, కొడుకు పోయిండని ఏడ్సుకుంట పొద్దుగాల్నే కోదాడ బస్సెక్కింది" అంది. నీకు ఫోన్ చేస్తే, "పెద్దమ్మ ఇక్కడే ఉంది, బాగానే ఉంది, ఉత్తరం రాస్తా" అని పెట్టేశావు. ఒప్పందం పాటించడానికి ఇదా సమయం? ఏం జరిగిందో పూర్తిగా రాయి.

నవనీత

సూర్యాపేట,
24 మార్చి 2025

అక్కా,

ఫోన్లో చెప్తే నువ్వు మధ్యలో అడ్డం వస్తావని చెప్పలేదు. మొత్తం విను.

మంగళవారం పొద్దున నేను పళ్ళు తోముకుంటున్నాను. బయట వీధిలో ఏడుపు వినిపించింది. ఎవరో పోయారు పాపం అనుకున్నాను. జర చెవిపెట్టి వింటే, పోయింది నేను. పెద్దమ్మ మా గుమ్మం ముందు కూలబడి, కొంగు నెత్తిన వేసుకుని, శోకం ఎత్తుకుంది. ఇంటి ఓనర్ ఐలన్న, ఎదురింటివాళ్ళు, పాలవాడు అందరూ చుట్టూ నిలబడ్డారు.

"ఓ నా కొడుకా సాంసనూ... తల్లి లేని పిల్లగానివని సంకనేసుకొని సాకితి కొడుకా... కోదాడ అంగట్ల తప్పిపోతే కాళ్ళరిగేటట్టు దేవులాడితి కొడుకా... సినిమల కనవడ్త అంటివి, కండ్లు కాయలు కాసె కొడుకా... అద్దం ముంగట నిలవడి ఏడ్సుడు నేర్సుకుంటివి కొడుకా... నీ ఏడ్పు ఎవ్వడు సూడకపాయె కొడుకా... కనవడంగనే గోడకెక్కితివా కొడుకా..."

అక్కా, ఇన్నేళ్ళలో నా గురించి ఇంత సరిగ్గా ఎవరూ చెప్పలేదు. బ్రష్షు నోట్లోనే ఉంది, నేను కదల్లేకపోయాను. ఐలన్న నన్ను చూసి కూడా నోరు తెరవలేదు, ఆయన కూడా ఏడుస్తున్నాడు.

చివరికి బయటికి పోయి, "పెద్దమ్మా, నేనే" అన్నాను. ఆమె తలెత్తి, నా మొహం తడిమి చూసి, "ఆగురా, శోకం మధ్యల ఇడువొద్దు, కీడయితది" అని, మిగతాది పూర్తిచేసింది. నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, నేను పోయినందుకు ఏడ్చింది. అయిపోయాక కొంగుతో మొహం తుడుచుకుని, నా చెంప మీద ఒక్కటి కొట్టింది. తర్వాత పట్టుకుని మళ్ళీ ఏడ్చింది. ఈ రెండో ఏడుపుకు రాగం లేదు.

సూర్యాపేట దాకా వస్తూ బస్సులోనే మొక్కుకుందట, ఇది అబద్ధమైతే నా తలనీలాలు మట్టపల్లి నరసింహస్వామికి ఇస్తానని. బతికున్నందుకు నేను కాదనలేకపోయాను. మరుసటి రోజే పోయి కృష్ణ ఒడ్డున కూర్చున్నాను. మంగలి నా తలవైపు చూసి, "దీనికి సగం టికెట్ చాలు" అన్నాడు. మీసం కూడా పోయింది. బైబిల్లో సాంసన్‌కు వెంట్రుకలు పోతే బలం పోయింది. నాకు పోవడానికి బలమెక్కడిది?

నవ్వులాట అయిపోయింది. ఇప్పుడు అసలు కష్టం. ఆ సీరియల్ రోజూ వస్తుంది, రోజూ నాకు దండ ఉంటుంది. "బతికున్న పిల్లగానికి దండేసి దీపం పెడ్తరా? తియ్యమను" అంటుంది. అవి ప్లాస్టిక్ పూలు పెద్దమ్మా అన్నాను. "ప్లాస్టిక్ పూలైతే వాడిపోవు గద, ఇంకా అరిష్టం" అంది. టీవీ కట్టేస్తానంటే వద్దంటుంది. "నేను గూడ సూడకుంటే ఆడ గోడమీద నీకు ఎవరున్నరు?" అంటుంది. చూస్తుంది, ఆ పూట అన్నం ముట్టదు. నిన్న అనంతగిరిలో దించి వచ్చాను. అక్కడా ఇంతేనని గోపమ్మ చెప్పింది.

పోయి ఫోటో తీసెయ్యమంటే నాకున్న ఒకే ఒక్క వేషం పోతుంది. తీసెయ్యకపోతే ఆమె తిండి పోతుంది. ఏం చెయ్యాలో తోచడం లేదు.

గుండుతో,
సాంసన్

మిర్యాలగూడ,
2 ఏప్రిల్ 2025

తమ్మీ,

గుండు సంగతి విని బావ ఇంకా నవ్వుతున్నాడు. పాస్టరుగారికి చెప్పడానికి భయపడ్డాను. ఆయన మాత్రం, "జుట్టు మళ్ళా వస్తదమ్మా, అంత ప్రేమించే మనిషి మళ్ళా రాదు" అన్నారు.

కానీ ఒక మాట నాకు మింగుడుపడలేదు. ఏం చెయ్యాలో తోచడం లేదని రాశావు. తోచకపోవడమేమిటి? చూపు సరిగా లేని ఆమె ఒక్కతే బస్సులు మారి వచ్చింది. అలాంటి మనిషి తిండి మానేస్తే, నువ్వు గోడమీద ఫోటోను పట్టుకుని ఆలోచిస్తున్నావు. దండ పడితే గాని నీకు వేషం రాలేదు, ఆ దండ మీద కూడా ఇంత ఆశా? ఇది చదివి నీకు కోపం వస్తే రానీ.

స్కూల్లో సౌందర్య అనే అమ్మాయిని తీసుకున్నారు. నేనే చెడగొట్టాను. ఇప్పుడు నీకు అక్కడా లేదు, ఇక్కడా లేదు. ఈ బాధ నన్ను తినేస్తోంది, అందుకే నిన్ను తిడుతున్నానేమో.

నవనీత

సూర్యాపేట,
8 ఏప్రిల్ 2025

అక్కా,

నీ ఉత్తరం అందింది. నువ్వనుకున్నట్టు నేను ఫోటో కోసం ఆశపడలేదు. ఇరవై ఏళ్ళు ఎదురుచూసిన మనిషి ఒక రెండు వారాలు తటపటాయించాడు, అంతే. రేపు పొద్దున హైదరాబాదు పోయి తీసెయ్యమని చెప్తాను. తర్వాత చీరల ఎగ్జిబిషన్ ఉంది.

సాంసన్

సూర్యాపేట,
14 ఏప్రిల్ 2025

అక్కా,

మొన్న రాసిన ముక్కకు కోపం తెచ్చుకోకు, లేదా ఈ ఉత్తరం పూర్తిగా చదివాక తెచ్చుకో.

ఆఫీసుకు పోయాను. హాల్లో అడుగుపెడితే ఏముంది, బెంచీల నిండా నేనే. అందరూ కోట్లు వేసుకుని, నాలాగా జుట్టు దువ్వుకుని, నా ఫోటో ముందు పెట్టుకుని మీసం దిద్దుకుంటున్నారు. సంగతేమిటంటే, సీరియల్లో చనిపోయిన తండ్రి బతికి తిరిగొస్తున్నాడట. ఆ వేషానికి నా పోలికలున్న నటుల కోసం వెతుకుతున్నారు. ఆ హాల్లో నాలా లేనివాణ్ణి నేనొక్కణ్ణే.

లహరి కూడా నన్ను గుర్తుపట్టలేదు. గోడమీదున్నది నేనేనమ్మా అంటే గుండు చూసి నోరు తెరిచింది. నన్నెందుకు పిలవలేదని అడిగాను. "మీరు మాట్లాడతారని ఎవరికీ తోచలేదండీ" అంది. పాపం, నిజమే చెప్పింది.

డైరెక్టర్ గారు బయటికొచ్చి, "ఈ గుండుతో కష్టమండీ, ఫోటోతో కంటిన్యుటీ పోతుంది" అన్నాడు. "నేను వేషానికి రాలేదు సార్, దండ తీసెయ్యమని అడగడానికి వచ్చాను" అన్నాను. ఎందుకన్నాడు. మా పెద్దమ్మ అన్నం తినడం లేదన్నాను. ఆయనకు అర్థం కాలేదు. పెద్దమ్మ బాధ నా మాటల్లో చెప్తే అర్థం కాదని, ఆమె మాటల్లోనే చెప్పాను. అక్కడే నేలమీద కూలబడి, భుజం మీది తువ్వాల నెత్తిన వేసుకుని, ఓ నా కొడుకా అని మొదలుపెట్టాను.

మధ్యలో ఆయన "చాలు" అన్నాడు.

"ఆగుండ్రి సార్, శోకం మధ్యల ఇడువొద్దు, కీడయితది" అన్నాను. అని, చివరిదాకా చెప్పాను. అక్కా, నా జీవితంలో మొదటిసారి చివరిదాకా చెప్పాను.

నేను నటించలేదు, మనసు విప్పాను అని గొప్పలు పోను. సగం దాకా నిజంగా పెద్దమ్మే నా కళ్ళముందుంది. ఆ తర్వాత కంటికొసల నుంచి చూస్తే బెంచీల మీదున్న నేనులందరూ లేచి నిలబడ్డారు. అప్పటినుంచి కొంచెం నటించాను. రక్తంలో ఉన్న జబ్బు, పోదు.

అయిపోయాక తువ్వాలతో మొహం తుడుచుకుని లేచాను. డైరెక్టర్ గారు చివరికి, "మరి ఈ గుండు ఏం చేద్దాం?" అని అడిగాడు. నన్ను కాదు, ఎదురుగా గోడను అడిగినట్టు అడిగాడు. నేనే జవాబు చెప్పాను. "సచ్చిండనుకున్నోడు బతికొస్తే మొక్కు తీర్చకుంట ఏ తల్లి ఊకుంటది సార్?" ఆయన లహరి వైపు తిరిగి, "రాసుకో" అన్నాడు. మీసాలు దిద్దుకున్నవాళ్ళందరూ నన్ను చూసిన చూపు నీకు చెప్పలేను. ఆ బెంచీ మీద నేనూ కూర్చున్నవాణ్ణే, వాళ్ళకు సారీ చెప్పి వచ్చాను.

టైటిల్స్‌లో పేరెలా వెయ్యాలని అడిగారు. చెప్పాను. ఏం చెప్పానో ఇప్పుడు రాయను. మే నెలాఖరుకు వస్తుందట. ఈసారి సంఘం వాళ్ళకు చెప్పకు. మైసూర్ బోండాలు కూడా వద్దు. నాకింకా నమ్మకం కుదరలేదు.

నోరు తెరిచిన నీ తమ్ముడు,
సాంసన్

మిర్యాలగూడ,
1 జూన్ 2025

తమ్మీ,

బడి తెరవకముందే నోరు తెరిచావు. పందెం నువ్వే గెలిచావు. ఓడిపోయి ఇంత సంతోషపడతానని నేననుకోలేదు.

నువ్వు చెప్పినట్టే ఎవరికీ చెప్పలేదు. శుక్రవారం బావా నేనూ అనంతగిరి పోయాం. పెద్దమ్మకు కోదాడ దవాఖానలో కంటి ఆపరేషన్ చేయించాం కదా, నల్లద్దాలు పెట్టుకుని టీవీకి ఎదురుగా కూర్చుంది. "గీ ఆపరేషన్ నీ కోసమే చేపిచ్చుకున్న అని రాయి" అంది, రాస్తున్నాను.

తలుపు తెరుచుకుంది. గుండుతో నువ్వు నిలబడ్డావు. నీ భార్య వేషం వేసినామె కెవ్వున అరిచింది. నువ్వు ఆమె వైపు చూడలేదు, గోడ వైపు చూశావు. "కనవడకపోతే గోడకెక్కిస్తరా నన్ను? తియ్యుండ్రి ఆ దండ" అన్నావు. పెద్దమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "గది నా మాట! నా మాటనే తిప్పి చెప్తుండు దొంగ" అంది. కథానాయిక స్టూలెక్కి దండ తీసింది. పెద్దమ్మ ఏడుస్తుందనుకుని కొంగు సర్దాను. ఏడవలేదు. నిన్నే చూస్తూ కూర్చుంది. "గుండు మంచిగనే గీసిండు" అంది.

చివర్లో పేర్లు పడ్డాయి. నేను గట్టిగా చదువుతున్నాను. నీ పేరు దగ్గరికి వచ్చేసరికి చదవడం ఆపి, టీవీ దగ్గరికి పోయి చూశాను. "ఏమైందే? పిల్లగాని పేరు లేదా?" అని పెద్దమ్మ కంగారుపడింది.

"ఉంది పెద్దమ్మా. ఉప్పలమ్మ సాంసన్ అని ఉంది."

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. మళ్ళీ చదవమంది. చదివాను.

"నా పేరు ముందుగాల ఉన్నదా, ఎనకనా?"

"ముందుగాల్నే."

నల్లద్దాలు తీసి కళ్ళు తుడుచుకోబోయింది. డాక్టరు చెయ్యి తగలనివ్వొద్దన్నాడని బావ ఆపాడు. కన్నీళ్ళను అలాగే చెంపల మీదికి జారనిచ్చింది. తర్వాత నావైపు తిరిగి అంది:

"అన్నం పెట్టు బిడ్డా. ఆకలైతుంది."

నీ అక్క,
నవనీత